సి10 డ్యాషు: ఎర్ర దీపాల క్లస్టరు తీసి ముల్లు మీటర్లు పెట్టడం, పనిలో పనిగా క్యాబు కూడా

బెంచ్‌సీటు

బండి 1970 చెవ్రొలే సి10 పికప్పు ట్రక్కు. 350 ఇంజను, టీహెచ్350 గేరుబాక్సు, వెనక ఇరుసు 3.73. డ్యాషులో ఉన్న క్లస్టరు (మీటర్లు, దీపాలు కలిసి ఉండే పెట్టె) దీపాల రకం: స్పీడోమీటరు, పెట్రోలు ముల్లు తప్ప మిగతా అన్నిటికీ ఎర్ర దీపమే. ఆయిలు ప్రెషరు, వేడి, చార్జింగు మూడింటికీ ముళ్లు కావాలి. క్యాబు ఎలాగూ ఖాళీ చేస్తున్నాను కాబట్టి సీటు వెనక ట్యాంకు బయటికి, నేల మీద శబ్దం ఆపే షీటు, భుజం బెల్టులు కూడా జాబితాలో ఉన్నాయి.

ప్రశ్నలు మూడు. పాత మీటర్ల క్లస్టరు వెతికి పెట్టడమా, కొత్త సెట్టు కొనడమా? ఏ పని ముందు, ఏది వెనక? పెట్రోలు ముల్లు ఇప్పుడు ఎప్పుడు చూసినా ఫుల్ దాటి కూర్చుంటోంది, మీటరు పోయినట్టేనా?

మిల్లీవోల్ట్

మూడో ప్రశ్నతో మొదలుపెడదాం, మిగతా రెండింటికీ జవాబు అందులోనే ఉంది. మీటరు పోయిందని ఇప్పుడే అనకండి.

మీ బండిలో ట్యాంకు సెండరు (పెట్రోలు మట్టాన్ని నిరోధంగా మార్చి మీటరుకి చెప్పే భాగం) ఖాళీకి 0 ఓమ్, ఫుల్‌కి 90 ఓమ్. నిరోధం పెరిగేకొద్దీ ముల్లు పైకి పోతుంది. వైరు తెగినా, సెండరుకి ఎర్తు పోయినా నిరోధం అనంతం, ముల్లు ఫుల్ దాటి ఆగుతుంది. అంటే మీ లక్షణం మీటరుది కాదు, తెగిన దారిది. సెండరు దగ్గర వైరు ఊడదీసి, తాళం చెవి ఆన్‌కి తిప్పి, ఆ వైరు కొసని శుభ్రమైన బాడీ ఇనుముకి ఆనించండి. ముల్లు దిగి ఖాళీ దగ్గరికొస్తే మీటరూ వైరూ రెండూ బాగున్నట్టు. అప్పుడు తప్పు సెండరుది లేదా దాని ఎర్తుది. ముల్లు కదలకపోతే మీటరుకీ సెండరుకీ మధ్య వైరు, లేదా మీటరు వెనక సర్క్యూటు చూడాలి.

ఫోర్డు వాళ్లు ఈ పాఠం తిరగేసి చదువుకోవాలి. అక్కడ ఖాళీకి 73, ఫుల్‌కి 10. వైరు తెగితే ముల్లు ఖాళీ కిందకి పడుతుంది, వైరు బాడీకి తగిలితే ఫుల్ పైకి పోతుంది.

ఇక వరస. మీటరు ముఖం ఎలా ఉండాలన్నది ఆఖరి ప్రశ్న. ముందు ఎర్తు, తర్వాత సెండరు, ఆ తర్వాతే మీటరు.

ఎర్తు ఎందుకు ముందంటే: క్యాబు రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, ఇంజనూ రబ్బరు మీదే. బ్యాటరీ నెగటివు నేరుగా ఇంజనుకి పోతుంది. వేడి సెండరు తన ఎర్తుని ఇంజను మరల నుంచి తీసుకుంటుంది, మీటరేమో డ్యాషు రేకు నుంచి. ఈ రెండింటినీ ముఖ్యంగా కలిపేది ఇంజను వెనక నుంచి ఫైర్‌వాలుకి (ఇంజనుకీ క్యాబుకీ మధ్య రేకు గోడ) వచ్చే అల్లిన పట్టీ. ఇంజను దింపి ఎక్కించిన చాలా బండ్లలో ఆ పట్టీ మళ్లీ బిగించి ఉండదు. హెడ్‌లైటు వేయగానే వేడి ముల్లు, పెట్రోలు ముల్లు రెండూ కలిసి కాస్త జరిగాయంటే రోగం అదే. ఇంజను వేడెక్కలేదు, పెట్రోలు పెరగలేదు, ఎర్తు దారిలో వోల్టేజీ పోతోంది.

కొలవడం ఇలా. మల్టీమీటరు 2 వోల్టుల డీసీ స్కేలు మీద పెట్టండి. ఒక కొస బ్యాటరీ నెగటివు స్తంభానికే, క్లాంపుకి కాదు. రెండో కొస క్లస్టరు వెనక డబ్బాకి. తాళం చెవి ఆన్‌కి తిప్పి, హెడ్‌లైటు, బ్లోయరు అన్నీ ఆన్ చేయండి. 0.1 వోల్టు దాటిందా, మీటర్ల మాట తర్వాత, ముందు ఎర్తు. ఫైర్‌వాలు పట్టీతో పాటు ఇంజను నుంచి ఛాసిస్‌కి ఒకటి, క్లస్టరు డబ్బా నుంచి విడిగా 14 గేజి వైరు ఒకటి వేయండి. కొత్త పెయింటు కొట్టిన డ్యాషయితే ఈ విడి వైరు తప్పనిసరి. పౌడరు కోటింగు అయితే చెప్పనే అక్కర్లేదు, ఆ పూత కరెంటుకి గోడ.

రెంచ్‌బాబు

మిల్లీవోల్ట్ గారి మాట సరే, మొదటి ప్రశ్నకి నా ఓటు కొత్త సెట్టుకి.

కారణం చెబుతాను. దీపాల క్లస్టరూ మీటర్ల క్లస్టరూ ముందు నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, వెనక వేరు. వెనక ప్లాస్టికు పొర మీద రాగి గీతలుండే ప్రింటెడ్ సర్క్యూటు రెండింటికీ వేరు, కనెక్టరులో వైర్ల స్థానాలు వేరు. టాకోమీటరు ఉన్న క్లస్టరుకి ఇంకో రకం. పాత మీటర్ల క్లస్టరు దొరికిందని తెచ్చి గుచ్చేస్తే చార్జింగు దీపం తీగ ఎక్కడికి పోయిందో వెతుక్కోవడమే.

ఇంకోటి, ఇంజను మీదున్న సెండర్లు కూడా పనికిరావు. దీపానికి ఉన్నది స్విచ్చు: ఒక వేడి దాటితే ఎర్తుకి కలుపుతుంది, అంతే. ముల్లుకి కావాల్సింది వేడిని బట్టి నిరోధం మారే సెండరు. స్విచ్చు మీద ముల్లు మీటరు పెడితే ముల్లు చల్లని వైపే పడుకుని ఉంటుంది, ఇంజను ఉడికిపోయే క్షణంలో ఒక్కసారిగా చివరికి దూకుతుంది. అప్పుడు చూసి లాభమేంటి?

కొత్త సెట్టు అయితే సెండర్లు పెట్టెలోనే వస్తాయి, లెక్క కుదిరి వస్తాయి.

మిల్లీవోల్ట్

ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. పెట్రోలు సెండరు సంగతి కూడా చూసుకోవాలి. విడిగా అమ్మే మీటర్లలో చాలావాటికి ఖాళీ 240, ఫుల్ 33 ఓమ్. అలాంటిది తెచ్చి మీ 0–90 సెండరుకి కలిపితే ఏమవుతుందో చూడండి: ట్యాంకు ఖాళీగా ఉంటే సెండరు 0 ఇస్తుంది, మీటరు దాన్ని ఫుల్ దాటినట్టు చదువుతుంది. ట్యాంకు నిండితే 90 వస్తుంది, మీటరు సగం పైన కాస్త చూపిస్తుంది. పెట్రోలు అయిపోయేకొద్దీ ముల్లు పైకి ఎక్కుతుంది! మీటరు చెడిపోయిందని తిరిగి పంపేవాళ్ల పెట్టెల్లో సగం ఇలాంటివే అయ్యుంటాయి.

గుర్తుపెట్టుకోవాల్సిన జతలు: జీఎం (చెవ్రొలే తయారుచేసే జనరల్ మోటార్స్) 1964 దాకా 0–30, 1965 నుంచి 0–90. 60లు, 70ల ఫోర్డు, క్రైస్లరు బండ్లు 73–10. బయటి మార్కెట్టు 240–33. వీడీవో కంపెనీ మీటర్లలో 10–180 కూడా ఉంటుంది. మీటరు కొనేముందు ట్యాంకు దగ్గర సెండరు తేలే చేయి పైకీ కిందకీ ఆడించి ఓమ్‌లు కొలవండి. మల్టీమీటరు చెప్పింది నమ్మండి, పెట్టె మీద అచ్చు వేసింది కాదు. ట్యాంకు ఇదివరకే ఎవరో మార్చిన బండ్లు ఎక్కువ.

ఎఫ్100_పక్షపాతి

ఫోర్డు పేరు వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మన పాత ఫోర్డు బండ్లలో మీటర్లకి 12 వోల్టులు నేరుగా రావు. క్లస్టరు వెనక అగ్గిపెట్టెలో సగం ఉండే చిన్న రేకు డబ్బా ఉంటుంది, అదే మీటర్ల వోల్టేజీ రెగ్యులేటరు. లోపల బైమెటల్ పట్టీ (రెండు లోహాలు అతికిన, వేడికి వంగే పట్టీ) కరెంటుని టక్కుటక్కుమని కలుపుతూ తెంచుతూ సగటున 5 వోల్టులు ఇస్తుంది. ముళ్ల వెనక ఉన్నది కూడా వేడికి వంగే పట్టీయే, అందుకే అవి నెమ్మదిగా లేస్తాయి.

పెట్రోలు, వేడి, ఆయిలు మూడూ కలిసి ఎక్కువ చూపిస్తున్నాయంటే రెగ్యులేటరు అంటుకుపోయింది, లేదా దాని డబ్బాకి ఎర్తు లేదు. మూడూ కలిసి చచ్చాయంటే రెగ్యులేటరు తెగింది. ఒక్కటే తప్పు చెబుతోందంటే రెగ్యులేటరుని వదిలేయండి, ఆ ఒక్క సెండరు చూడండి. ముల్లున్న పాత మీటరుతో కొలిస్తే ముల్లు ఊగుతూ కనిపిస్తుంది, డిజిటల్ మీటరులో అంకెలు పిచ్చిపిచ్చిగా మారతాయి. దాన్ని చూసి చెడిపోయిందనుకోకండి, ఆ ఊగడమే దాని ఆరోగ్యం. ఎలక్ట్రానిక్ రకం రెగ్యులేటరు వేస్తే నిలకడగా 5 వస్తుంది.

ఏ ముల్లూ లేవడం లేదని "ఒకసారి నేరుగా బ్యాటరీ ఇచ్చి చూద్దాం" అనే పని మాత్రం వద్దు. లోపలి చుట్ట కాలిపోతుంది.

బెంచ్‌సీటు

వైరు ఊడదీసి బాడీకి ఆనించాను, ముల్లు ఖాళీకి దిగింది. అంటే సెండరు వైపే. ట్యాంకు ఎలాగూ తీస్తున్నాను, దాంతో పోతుంది. ట్యాంకు, నేల పనులు ఎవరైనా వివరంగా చెప్పగలరా?

తుప్పుశత్రువు

1967–72 సి10లో ట్యాంకు సీటు వెనక, క్యాబు లోపలే. దాన్ని తీసి ఛాసిస్ వెనక భాగంలో, రెండు దూలాల మధ్య పెట్టడం పాత అలవాటే. చోటు వస్తుంది, పెట్రోలు వాసన పోతుంది, ఢీకొన్నప్పుడు వీపు వెనక పెట్రోలు ఉండదు.

తీసేటప్పుడు: పెట్రోలు మొత్తం తోడేయండి, బ్యాటరీ ఊడదీయండి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల నిండా ఆవిరి. ట్యాంకు క్యాబులో ఉండగా గ్రైండరు, వెల్డింగు దగ్గరికి రాకూడదు. పెట్రోలు పోసే గొట్టం మూత ఉన్న క్యాబు పక్క రంధ్రం మూసే వెల్డింగు ట్యాంకు బయటికి వెళ్లాకే.

పెట్టేటప్పుడు: కొత్త ట్యాంకు పట్టీల కింద రబ్బరు పొర వేస్తారు, వేయాలి కూడా. కానీ దానివల్ల ట్యాంకుకి ఎర్తు తెగుతుంది. సెండరు చట్రం నుంచి ఛాసిస్ దూలానికి విడి వైరు వేసి, ఛాసిస్ నుంచి బ్యాటరీకి దారి ఉందో లేదో కొలవండి. మిల్లీవోల్ట్ గారు చెప్పిన "ఫుల్ దాటిన ముల్లు" కొత్త ట్యాంకులతో ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ముందుకొచ్చే లైను ఉక్కు గొట్టమే, రబ్బరు గొట్టం కలిపే చోట్ల మాత్రమే. ఎగ్జాస్టుకి దూరంగా తీసుకురండి. గాలి గొట్టానికి, బండి బోల్తా పడితే మూసుకునే వాల్వు పెట్టండి. సెండరు మాత్రం కొత్త ట్యాంకు లోతుకి తగ్గదే కావాలి. పాత క్యాబు ట్యాంకు సెండరు ఓమ్‌లు కలిసినా దాని చేయి కొలత కలవదు.

నేల గురించి. షీటు వేసే ముందు తుప్పు చూడండి. ఈ తరం క్యాబులు మూడు చోట్ల తింటాయి: వెనక కింది మూలలు, గుమ్మాల కింది డబ్బాలు, ముందు క్యాబు దిమ్మల దగ్గర నేల. అద్దం కిందున్న గాలి జాలీలో ఆకులు పడి తడి నిలిచి, ఆ నీళ్లు ఫైర్‌వాలు పక్క డబ్బాల్లోంచి నేల మీదికి దిగుతాయి. షీటు అతికించాక ఆ నీళ్లు షీటు కింద చేరతాయి, మీకు కనబడవు. కాబట్టి జాలీ మీద బక్కెట్టు నీళ్లు పోసి పది నిమిషాలు ఆగి, కాళ్ల దగ్గర పక్క పలకల వెనక టార్చి వేసి చూడాలి. తడి కనిపిస్తే ముందు ఆ అతుకుకి సీలరు, తర్వాతే షీటు.

షీటు బ్యూటైల్ రబ్బరుదే కొనండి, తారు రకం వద్దు. ఎండకి తారు వాసన కొడుతుంది, పైకప్పు నుంచి జారి పడుతుంది. రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, చిన్న రోలరుతో అల్యూమినియం మీది గుర్తులు చదునయ్యేదాకా నొక్కండి. గాలి బుడగ మిగిలితే అక్కడ షీటు బరువే తప్ప పని చేయదు.

బెంచ్‌సీటు

నేల మొత్తం కప్పాలా? పైకప్పు, తలుపులు?

తుప్పుశత్రువు

అక్కర్లేదు. ఈ షీటు పని శబ్దాన్ని అడ్డుకోవడం కాదు, రేకు మోగకుండా ఆపడం. వేలి కణుపుతో తట్టండి. గంటలా మోగే చోట మధ్యలో వేయండి, "టప్" అని చచ్చిన శబ్దం వచ్చే చోట వదిలేయండి. పెద్ద చదును రేకుల్లో నాలుగో వంతు నుంచి సగం లోపు కప్పితే చాలు. తలుపు బయటి రేకు, వెనక గోడ, పైకప్పు మధ్య భాగం ముఖ్యం. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూయకండి. ఆ పైన నీళ్లు పీల్చని ఫోము పొర నేలంతా వేస్తే వేడి తగ్గుతుంది. గేరుబాక్సు గుబ్బ మీద మాత్రం ఫోము పూర్తిగా కప్పండి, కాళ్లు కాలేది అక్కడే.

భుజం బెల్టులు: బెల్టు బోల్టు 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. వేరే బోల్టు వాడకండి. ఉత్త రేకుకి బిగించిన బెల్టు బెల్టు కాదు, అలంకారం. వెనక వైపు 3 మి.మీ. మందం, కనీసం 40 చదరపు సెం.మీ. వైశాల్యం ఉన్న ఉక్కు పలక మూలలు గుండ్రంగా అరగదీసి పెట్టండి. పదునైన మూల ఉంటే లాగుడు పడినప్పుడు అదే రేకుని చింపుతుంది. బెల్టు భుజం దగ్గర నుంచి వెనక్కి, కాస్త పైకి పోవాలి. భుజం కంటే కింద బిగిస్తే ఢీకొన్నప్పుడు వెన్నెముకని కిందకి నొక్కుతుంది.

గేర్‌పళ్లు

టైర్లు కూడా మారుతున్నాయా? అయితే స్పీడోమీటరు లెక్క ఇప్పుడే వేసుకోండి, క్యాబు నేల తెరిచి ఉన్నప్పుడు గేరుబాక్సు పక్కకి చేయి బాగా అందుతుంది.

బెంచ్‌సీటు

అవును, 28 అంగుళాల టైర్లు. గేరుబాక్సు లోపల స్పీడోమీటరు కేబులుని తిప్పే డ్రైవు గేరు 8 పళ్లు.

గేర్‌పళ్లు

జీఎం కేబులు మైలుకి సుమారు 1001 చుట్లు తిరగాలి. కేబులు వైపు చిన్న గేరు పళ్లు = డ్రైవు గేరు పళ్లు × ఇరుసు నిష్పత్తి × టైరు మైలుకి చుట్లు ÷ 1001.

ఇక్కడే చాలామంది తప్పుతారు. టైరు పక్కన రాసిన 28 అంగుళాలు తీసుకుంటే మైలుకి 720 చుట్లు వస్తాయి. 8 × 3.73 × 720 ÷ 1001 = 21.5. 21 వేయాలా 22 వేయాలా తేలదు. కానీ బండి బరువుకి టైరు అడుగున నొక్కుకుంటుంది, నిజానికి 28 మీద నడవదు. గాలి సరిగా నింపి, మనిషి సీట్లో కూర్చుని, టైరుకీ నేలకీ సుద్ద గీత పెట్టి, సరిగ్గా ఒక చుట్టు నెట్టి నేల మీద దూరం కొలవండి. ఉదాహరణకి 85.6 అంగుళాలు వచ్చిందనుకోండి. 63,360 ని దాంతో భాగిస్తే 740. అప్పుడు జవాబు 22.06, అంటే 22 పళ్లు, సందేహం లేదు.

21 వేసి ఉంటే కేబులు 5 శాతం వేగంగా తిరిగేది, నిజంగా 60 వెళ్తుంటే ముల్లు 63 చూపేది. పళ్లు తగ్గితే ముల్లు ఎక్కువ చూపిస్తుంది, పెరిగితే తక్కువ.

చిన్న గేరు కూర్చునే హోల్డరు కూడా పళ్ల సంఖ్యని బట్టి మారుతుంది, గేరు ఒక్కటే కొని రాకండి. రబ్బరు రింగు, సీలు ఆ పూటే మార్చండి, లేదంటే గేరుబాక్సు ఆయిలు కేబులు గొట్టం పట్టుకుని మెల్లగా పైకి పాకి స్పీడోమీటరులోకి వస్తుంది. కేబులు వంపు ఆరు అంగుళాల వ్యాసార్థం కంటే బిగువుగా ఉండకూడదు. తక్కువ వేగంలో ముల్లు ఊగడానికి చాలాసార్లు ఆ వంపే కారణం.

రెంచ్‌బాబు

ఎలక్ట్రానిక్ స్పీడోమీటరు అయితే ఈ పళ్ల లెక్కే ఉండదు. కేబులు స్థానంలో పల్సు సెన్సరు బిగించి, కొలిచిన మైలు దూరం నడిపి బటను నొక్కితే అదే సర్దుకుంటుంది. డకోటా డిజిటల్ అనే కంపెనీ క్లస్టర్లలో సెండర్ల వైర్లన్నీ ఒక నియంత్రణ పెట్టెకి వెళ్తాయి, అక్కడ నుంచి డ్యాషుకి ఒక్క కేబులు. డ్యాషు వెనక వైర్ల జడలు ఉండవు.

మిల్లీవోల్ట్

జడలు ఉండవు, నిజమే. పెట్టె మూగబోతే అన్ని ముళ్లూ ఒకేసారి పడిపోతాయి, అదీ నిజమే. విడి మీటర్లలో ఒకటి పోతే ఒకటే పోతుంది. ఇష్టం బండి వాడిది. ఏది పెట్టినా సెన్సరు వైరు జత మెలికలు వేసి, స్పార్కు వైర్లకి, కాయిలుకి దూరంగా నడపండి. లేదంటే నిలబడ్డ బండి గంటకి 15 మైళ్లు పోతున్నట్టు చూపిస్తుంది. నియంత్రణ పెట్టెకి రెండు ఫీడ్లు కావాలి: జ్ఞాపకానికి ఎప్పుడూ ఉండే బ్యాటరీ, తాళంతో వచ్చేది ఒకటి. తాళం ఫీడు స్టార్టరు తిప్పుతున్నప్పుడు కూడా పోని చోట నుంచి తీసుకోండి. హీటరు బ్లోయరు ఫీడు మీద పడితే స్టార్టు చేసిన ప్రతిసారీ క్లస్టరు చచ్చి మళ్లీ పుడుతుంది.

చార్జింగు మీటరు గురించి కూడా చెప్పేస్తాను. మీటర్లతో వచ్చిన సి10లో ఉన్న యాంమీటరులోంచి (కరెంటు కొలిచే మీటరు) మొత్తం కరెంటు పోదు. హార్నెస్సులో (బండి వైర్ల కట్ట) ఒక పొడవు వైరు రెండు చివరల మధ్య తేడాని, ఫ్యూజులున్న రెండు సన్న తీగలతో చదువుతుంది. ఆల్టర్నేటరు (బ్యాటరీని చార్జ్ చేసే జనరేటరు) పెద్దది పెట్టి దాని వైరు నేరుగా బ్యాటరీకి లాగారంటే ఆ పొడవులో కరెంటే పోదు, ముల్లు మధ్యలో కూర్చుని నవ్వుతుంటుంది. కాబట్టి వోల్టుమీటరే పెట్టండి. ఇంజను ఆపి కాసేపయ్యాక 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే సరే.

పాత డాడ్జి బండ్లు చదువుతున్నవాళ్లకి: మీది ఇలా కాదు. బండి మొత్తం కరెంటు ఫైర్‌వాలు కనెక్టరు గుండా డ్యాషులోకి వచ్చి యాంమీటరు స్తంభాల మీదుగా తిరిగి పోతుంది. ఆ నట్లు వదులైతే వేడెక్కి కాలతాయి. అక్కడ వోల్టుమీటరు పెట్టడం సోకు కాదు, అవసరం. రెండు మందపు తీగలనీ మీటరు నుంచి తీసి, ఒక బోల్టుతో గట్టిగా కలిపి, ఇన్సులేషను చుట్టాలి.

బెంచ్‌సీటు

నిర్ణయం: స్పీడోమీటరు, పెట్రోలు పాతవే ఉంచి, ఆయిలు, వేడి, వోల్టు మూడూ డ్యాషు కింది అంచులో 2 1/16 అంగుళాలవి పెడుతున్నాను. క్లస్టరు తీయడం, రంధ్రాలు కోయడం, ఎల్‌ఈడీలు?

రెంచ్‌బాబు

తీయడం: బ్యాటరీ నెగటివు ముందు. హెడ్‌లైటు గుండీ లాగితే రాదు. పూర్తిగా బయటికి లాగి, డ్యాషు వెనక స్విచ్చు డబ్బా మీదున్న స్ప్రింగు మీట నొక్కితే కడ్డీ మొత్తం చేతిలోకి వస్తుంది. అప్పుడు ముందు నట్టు విప్పండి. స్టీరింగు గొట్టం మీద మందపు గుడ్డ పరచండి, లేదంటే క్లస్టరు మూల గీరుతుంది. క్లస్టరు ముందుకి కాస్త జరిగాక చేయి పెట్టి కేబులు, కనెక్టరు విడదీయాలి. బలవంతంగా లాగితే ప్రింటెడ్ సర్క్యూటు చిరుగుతుంది.

బయటికి వచ్చాక ఆ సర్క్యూటు రాగి గీతల మీద పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దండి, నలుపు పోయి గులాబీ రాగి కనబడాలి. ఎమెరీ పేపరు వద్దు, పొర పలచబడుతుంది. మీటరు వెనక చిన్న నట్లు వేళ్లతో బిగించి, ఆపై పావు తిప్పు చాలు. ఇంకా బిగిస్తే స్తంభం లోపల తిరిగి చుట్ట తీగ తెగుతుంది. చెడిపోని మీటరుని చెడగొట్టే సులువైన పద్ధతి అదే.

రంధ్రాలు: డ్యాషు మీద రెండు పొరలు పెయింటర్ల టేపు వేసి, మీటరు అంచులు తగలకుండా కేంద్రాలు గీయండి. కోసే ముందు వెనక ఏముందో చేత్తో తడమండి: యాష్ట్రే పట్టాలు, హీటరు తీగలు, వైపరు. పంచితో గుంట, 1/8 రంధ్రం, తర్వాత 52 మి.మీ.కి సరిపోయే బైమెటల్ హోల్ సా, డ్రిల్లు నెమ్మదిగా, రెండు చుక్కలు నూనె. వేగం పెంచితే పళ్లు మొద్దుబారి రేకు వంగుతుంది. కాస్త బిగువుగా కోసి అర్ధచంద్రపు ఆకురాయితో సరిచేయడం మేలు, పెద్దదైతే వెనక్కి రాదు. అంచుకి ప్రైమరు పూయకుండా మీటరు పెట్టకండి. రేకు పొడి మొత్తం అయస్కాంతంతో ఏరేయాలి, ఒక్క రవ్వ ఫ్యూజు పెట్టెలో పడినా చాలు.

ఎర్రదీపం

ఎల్‌ఈడీలు నా వంతు. డ్యాషు బల్బులు 194 రకం, ఒక్కోటి 0.27 ఆంపియరు. ఎల్‌ఈడీ అందులో చిటికెడు. దాంతో రెండు చిక్కులు.

ఒకటి, హెడ్‌లైటు గుండీ తిప్పితే వెలుగు తగ్గదు. ఆ గుండీ వెనక ఉన్నది నిరోధపు తీగ, 0.27 ఆంపియర్ల బల్బులకి లెక్క కట్టింది. తక్కువ కరెంటు మీద అది ప్రభావం చూపదు. తగ్గాలంటే పల్సు రకం డిమ్మరు వేయాలి, లేదా వెలుగు తక్కువ ఉన్న ఎల్‌ఈడీలే ఎంచుకోవాలి. రాత్రి కళ్లలో పొడిచే తెల్లని డ్యాషు అందంగా ఉంటుందేమో గానీ రోడ్డు కనబడదు.

రెండు, చార్జింగు దీపం. ఆల్టర్నేటరు మేలుకోవడానికి తొలి కరెంటు ఆ దీపం గుండానే పోయే వైరింగు అయితే, అక్కడ ఎల్‌ఈడీ పెడితే కరెంటు చాలదు, ఇంజను వేగం పెంచేదాకా చార్జింగు రాదు. అక్కడ పాత బల్బే ఉంచండి. కాదూ కూడదంటే దానికి పక్కగా 50 ఓమ్, 5 వాట్ల రెసిస్టరు. అది దాదాపు 3 వాట్లు వేడి చేస్తుంది, ప్లాస్టికుకి ఆనకుండా రేకుకి బిగించాలి. వోల్టుమీటరు పెట్టాం కదా అని ఆ దీపం తీగ కత్తిరించేస్తే కూడా ఇదే కథ.

ఎల్‌ఈడీ వెలగకపోతే చెడిపోయిందని పారేయకండి, హోల్డరులోంచి తీసి అటు ఇటు తిప్పి పెట్టండి. దానికి ధ్రువాలుంటాయి.

బెంచ్‌సీటు

ఆయిలు మీటరు గొట్టం రకమా, వైరు రకమా? ఇంకా, కొత్త వేడి సెండరు బిగించాక ముల్లు అసలు లేవడం లేదు. లీకు కాకుండా టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు వేశాను.

మిల్లీవోల్ట్

రెండోదానికి జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. సెండరుకి ఎర్తు మరల గుండానే. నాలుగు చుట్ల టేపు దాన్ని కప్పేసింది. తీసి, మరలు శుభ్రం చేసి, సీలరు పేస్టు మధ్య మరల మీద మాత్రం సన్నగా పూయండి. ఈ మరలు సన్నబడుతూ పోయే రకం, బిగుసుకునేకొద్దీ వాటంతటవే పట్టేస్తాయి. బిగించాక సెండరు షట్కోణం నుంచి బ్యాటరీ నెగటివుకి ఓమ్‌లు కొలవండి, ఒకటి లోపు ఉండాలి.

అయినా లేవకపోతే సెండరు వైరు ఊడదీసి, తాళం చెవి ఆన్‌కి తిప్పి, క్షణం పాటు ఎర్తుకి తాకించండి. ముల్లు చివరికి పోతే మీటరు మంచిదే. ఆ సెండరు ఆ మీటరుతో వచ్చిందేనా చూడండి, పాత సి10 సెండరు కొత్త మీటరుకి కుదరదు.

ఆయిలుకి వైరు రకం. గొట్టం రకం ముల్లు నిజాయితీగా పని చేస్తుంది, కానీ వేడి ఆయిలు ప్రెషరుతో మీ మోకాలి పక్కకి వస్తుంది. ప్లాస్టికు గొట్టం ఎగ్జాస్టు దగ్గర మెత్తబడుతుంది. రాగి గొట్టం కంపనానికి గట్టిపడి ఫిట్టింగు దగ్గరే చీలుతుంది. తప్పదంటే ఇంజనుకీ ఫైర్‌వాలుకీ మధ్య రాగిని రెండు చుట్లు స్ప్రింగులా చుట్టి వదలండి, ఫైర్‌వాలు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్టు పెట్టండి.

తుప్పుశత్రువు

వైరు రకం ఆయిలు సెండరు బరువుగా ఉంటుంది. దాన్ని డిస్ట్రిబ్యూటరు వెనక ఇత్తడి మోచేతి ఫిట్టింగుల మీద వేలాడదీయకండి, కంపనానికి ఇత్తడి విరుగుతుంది. చిన్న అల్లిక గొట్టంతో ఫైర్‌వాలు మీదికి తెచ్చి బిగించండి. అప్పుడు సెండరుకి ఇంజను ఎర్తు పోతుంది, విడి ఎర్తు వైరు మర్చిపోకండి.

బెంచ్‌సీటు

టేపు తీశాను, 0.3 ఓమ్. ముల్లు లేస్తోంది. హెడ్‌లైటు వేసినా కదలడం లేదు.